పద్నాలుగిళ్ల వాటా

కర్నూలు,
1946 నవంబరు 10.

పూజ్యులైన జేజినాయనకు గంగాదేవి నమస్కరించి రాసుకునేది. నేనిక్కడ క్షేమం. మీ ఇద్దరి క్షేమం నబీ సాహెబ్ మామతో రాయించి పంపండి.

జేజి కాల్లో తుమ్మముల్లు విరిగి నెల దాటినా పుండు మానలేదని విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆకు పసర్లు ఇక చాలు. ఈ పొట్లంలో ఇరవై ఎనిమిది తెల్ల మాత్రలున్నాయి. వీటిని సల్ఫా మాత్రలంటారు. రోజుకు నాలుగు చొప్పున ఏడు రోజులు మింగించండి. నీళ్లు బాగా తాగించండి. వాపు తగ్గినా సరే, ఆఖరి మాత్ర వరకూ ఆపకూడదు.

నా పని గురించి అడిగారు. నేను నర్సును కాను. ఆసుపత్రి పరీక్షల గదిలో గాజు పళ్లేలు కడుగుతాను. రోగుల పుండ్ల నుంచి తెచ్చిన చీమును వాటిలో పూసి వెచ్చగా ఉంచుతాను. మర్నాటికి కంటికి కనపడని సూక్ష్మజీవులు గుంపులుగా పెరిగి, చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. మా డాక్టరమ్మ నాకు ఓపిగ్గా అన్నీ చెబుతుంది. మన వీధిలో బడి మెట్టెక్కినదాన్ని నేనొక్కదాన్నే. నేర్చుకున్నది జేజి కాలికి కూడా పనికిరాకపోతే ఈ చదువు ఎందుకు?

మీ మనవరాలు,
గంగాదేవి

తా.క. మాత్రలు చేదు. జేజి మింగినట్టు నటించి ఉమ్మేస్తుంది. నోరు తెరిపించి చూడండి.


ఎర్రమిట్ట, జమ్మలమడుగు తాలూకా,
నవంబరు 24.

చిరంజీవి గంగాదేవికి జేజినాయన కాశన్న దీవించి రాయించేది. ఈడ అందరం బాగుండాం. పొట్లం అందింది.

నువ్వు లెక్క చూసి పంపినావో, దేవుడే చూసి పంపించినాడో, సరిగ్గా ఇరవై ఎనిమిది! మన వీధిలో పద్నాలుగిళ్లు. ఇంటికి రెండు. ఒకటి మిగల్లేదు, ఒకటి తక్కువ పడలేదు.

'జేజికి కదా నేను పంపింది' అంటావు. అమ్మీ, యుద్ధం మొదలైనప్పటి నుంచి సర్కారు కొలిచి ఇచ్చే కంట్రోలు నూలు ఈ వీధికి నా చేతి మీదుగానే పంచుతాండా. పెద్దవాణ్ణని ఒక్క చిలప నూలు నా ఇంట్లో ఎక్కువ పెట్టుకున్నానా? బయటి నుంచి ఏమొచ్చినా పద్నాలుగు వాటాలే. మందు పొట్లం ఒక్కటి నేను దాచుకుంటే, ఇన్నేళ్లూ నూలు దాచుకోలేదని రేపు ఎవరు నమ్ముతారు?

మీ జేజి తన వాటా మింగింది. నోరు తెరిపించి చూసినా. వాపు సగం తీసింది. ఆంజనేయ తన వాటా అరగదీసి ఎద్దు గిట్టకు పూసినాడు. సోమక్క ఒకటి మింగి, ఒకటి నూలుకు పెట్టే గంజిలో కలిపింది, పోగు తెగకుండా ఉంటాదేమోనని. పోగు తెగతానే ఉండాది. శానా మంచి మందు. మళ్లీ పంపు. పంపితే ఇరవై ఎనిమిదే పంపు. ముప్పై పంపితే ఆ రెండిటి కోసం కొట్లాట.

ఇది కాశన్న వేలిముద్ర.
రాసినవాడు దర్జీ నబీ సాహెబ్.

తా.క. పాపా, పై మాటలు మీ జేజినాయనవి. ఇది నాది. నా ఇల్లు పదిహేనోది, లెక్కలోకి రాదు. అయినా ఉత్తరం రాసేవాడికి ఇవ్వకుంటే ఎట్లని కాశన్నప్ప మీ జేజి బసమ్మక్క వాటాలో అర మాత్ర విరిచి నాకిచ్చినాడు. మింగినా. తలనొప్పి లేదు. మింగక ముందు కూడా లేదు.


కర్నూలు,
డిసెంబరు 1.

జేజినాయనకు గంగాదేవి నమస్కారాలు. మీ ఉత్తరం చదివి నవ్వాను. మళ్లీ చదివి ఏడ్చాను. జేజి కోసం పంపినవి ఇరవై ఎనిమిది. ఆమె కడుపులోకి పోయింది ఒకటిన్నర.

దయచేసి ఇది నిదానంగా వినండి. మందు చాలినంత పడకపోతే సూక్ష్మజీవులన్నీ చావవు. మెత్తనివి చస్తాయి. వేలల్లో ఎక్కడో ఒకటి, ఆ మందుకు లొంగనిది, ముందే ఉంటుంది. అది మిగిలి పిల్లలు పెడుతుంది. కొన్నాళ్లకు పుండు నిండా దాని సంతానమే. అందుకని ఇక సల్ఫా వద్దు. కడప ఆసుపత్రికి పెన్సిలిన్ అనే కొత్త సూదిమందు వచ్చిందట. మూడు గంటలకొక సూది, ఐదు రోజులు, మొత్తం నలభై. జేజిని వెంటనే అక్కడికి తీసుకుపోండి. ఒక్క సూది కూడా తగ్గనివ్వకండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా గదిలో నా కళ్లతో చూశాను. సూక్ష్మజీవులు పెరిగే పళ్లెం మధ్యలో పెన్సిలిన్ చుక్క పెడితే దాని చుట్టూ ఏమీ పెరగదు. శుభ్రమైన వలయం ఏర్పడుతుంది. కొన్ని పళ్లేలలో ఆ వలయమే రాదు. ఆ సూక్ష్మజీవి ఒక మాంసకృత్తును తయారుచేసి బయటికి వదులుతుంది. మాంసకృత్తు అంటే కందిపప్పులో, గుడ్డులో ఉండే సారం లాంటిది. ప్రాణమున్న ప్రతిదీ తనకు కావలసిన మాంసకృత్తులను తానే తయారుచేసుకుంటుంది. ఒక్కోదానికి ఒక్కో పని. దీని పని పెన్సిలిన్‌ను విరిచేయడం. విరిగిన మందు ఇక మందు కాదు. ఒకదాన్ని విరిచాక అలిసిపోదు, ఇంకోదాని మీదికి పోతుంది. డాక్టరమ్మ దీన్ని పెన్సిలినేజు అంటుంది. ఇలాంటివి ఇంకా కొద్దిగానే ఉన్నాయి. వాటి సంఖ్య పెరగకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది.

మీ గంగాదేవి

తా.క. ఈ ఉత్తరాన్ని పద్నాలుగు ముక్కలు చేయకండి.


ఎర్రమిట్ట,
డిసెంబరు 20.

చిరంజీవి గంగాదేవికి జేజినాయన కాశన్న దీవించి రాయించేది.

నువ్వు చెప్పినట్లే బొగ్గుతో నడిచే బస్సెక్కి కడపకు పోయినాం. సూదులు మొదలుపెట్టినారు. మీ జేజి మొదటి రోజు డాక్టర్ను తిట్టింది, రెండో రోజు దీవించింది. రెండో రోజుకే జ్వరం ల్యాకుండా పోయింది, పుండు ఎండుముఖం పట్టింది. పక్క మంచంలో జీవమ్మ అని బాలింత, పాపం, ఆమెకూ జ్వరమే. మీ జేజి నర్సమ్మను పిలిచి, "నాకు పదహారు పడినాయి, చాలు తల్లీ. మిగిలిన ఇరవై నాలుగూ ఆ బిడ్డకు పొడువు" అనింది. అట్ల మార్చేది కుదరదని నర్సమ్మ అరిచింది. ఎదుటి మనిషి జ్వరంతో పడుంటే మేం మందు పొడిపించుకుంటా కూర్చోలేక మూడో రోజు ఇంటికొచ్చేసినాం.

దానికి నువ్వు దిగులు పడాల్సింది ఏమీ ల్యా. మిగతా పని మేమే చేస్తాండాం. నీ ఉత్తరం పెట్టుకుని వీధంతా కూర్చుని ఆలోచించినాం. పురుగు ఆ మాంసకృత్తు చేస్తాదంటివి. యాడ నుంచి చేస్తాది? మనిషి తినే పప్పులో నుంచే కదా, నువ్వే రాసినావు. నూలు ల్యాకుండా నేను గుడ్డ నేస్తానా? కాబట్టి పురుక్కి నూలు ఆపేసినాం. మీ జేజికి పప్పు ల్యా, గుడ్డు ల్యా, పాలు ల్యా. పన్నెండు రోజులుగా జొన్నగంజి, ఉప్పు. మీ జేజి సన్నబడింది, నిజమే. పురుగు ఇంకా సన్నదే కదా, అదే ముందు పోతాది.

ఇది కాశన్న వేలిముద్ర.
రాసినవాడు నబీ సాహెబ్.

తా.క. బసమ్మక్కకు పప్పు వాసన తగిలితే ఆశ పుడుతుందని వీధిలో పద్నాలుగిళ్లూ పప్పు వండడం మానేసినాయి. పస్తు కూడా వాటాలే. నాది పదిహేనో ఇల్లు కాబట్టి వండుకుంటాండాం, కిటికీ మూసుకుని. ఆ మనిషి నూలు కండెలు చుడతా మా కిటికీ వైపే చూస్తా ఉంటుంది. నాకు ముద్ద దిగడం లేదు.


కర్నూలు,
డిసెంబరు 27.

జేజినాయనా, జేజికి పప్పు పెట్టండి. నబీ మామా, చదవడం ఇక్కడ ఆపండి. జేజినాయన లేచి వెళ్లి, పప్పన్నం పెట్టి వచ్చాక మిగతాది చదవండి.

పెట్టారా? ఇప్పుడు చెబుతాను. సూక్ష్మజీవికి జేజి ఒళ్లంతా ఆహారమే. మనం పప్పు మానేస్తే అది ఆమె కండ తింటుంది. దాన్ని ఎదిరించడానికి ఆమె రక్తానికి కూడా మాంసకృత్తులు కావాలి. మీరు పస్తు పెట్టింది పురుగును కాదు, జేజిని. నేను సరిగ్గా చెప్పలేకపోయాను. తప్పు నాదే. చదువుకున్నవాళ్లకు చెప్పినట్టు చెప్పి, అర్థమైపోతుందనుకున్నాను.

ఇక ఉత్తరాలతో కుదరదు. నాలుగు రోజులు సెలవు దొరికింది. జనవరి ఆరున వస్తున్నాను. కట్టు నేనే విప్పుతాను, నేనే కడతాను. నేను వచ్చేవరకూ, వచ్చాక కూడా, ఆ పుండును ఎవరూ ముట్టుకోకండి. మీ చేతులు శుభ్రంగా ఉండవు. కొంచెం చీము తెచ్చి మా గదిలో పరీక్ష కూడా చేస్తాను.

మీ గంగాదేవి

తా.క. నబీ మామా, కిటికీ తెరవండి.


ఎర్రమిట్ట,
1947 ఫిబ్రవరి 2.

చిరంజీవి గంగాదేవికి జేజినాయన కాశన్న దీవించి రాయించేది.

నువ్వు వచ్చి పోయినాక వారం రోజులు మీ జేజి బాగుండాది. నాలుగు పూటలు పప్పు తినింది. నాలుగు రోజులూ మనవరాలు కాలు ఒళ్లో పెట్టుకుని కడిగిందని వచ్చినోళ్లకంతా చెప్పింది. ఆమీద పుండు చుట్టూ ఎర్రబడి, ఆ ఎరుపు మోకాలి దాకా పాకింది. చలిజ్వరం పట్టుకునింది.

మళ్లీ కడపకు తీసుకుపోయినా. ఈ తూరి నలభై సూదులకు నలభై పొడిపించినా. పక్క మంచం వైపు చూడనీయలేదు. ఒక్కొక్క సూదికి గోడ మీద బొగ్గుతో గీత గీసినా. నలభై గీతలూ నిండినాయి, ఎరుపు తొడలోకి ఎక్కింది. నువ్వు చెప్పిన మందును విరిచే పురుగే అది, పెన్సిలిన్ దాన్నేమీ చేయలేదని డాక్టరు చెప్పినాడు. చీము మీ కర్నూలు గదికే పంపినాడు. కాలు తీయాలంటాడు. జ్వరం దిగితేనే తీసేదానికి అవుతాదంటాడు. తీసినా బతుకుతాదని చెప్పలేనంటాడు. ఇంటికి పోదామని మీ జేజి పట్టు పడితే తెచ్చినా.

నువ్వెత్తుకుని ఆడించినావే కంబన్న కూతురు, ఆ పాపకు కూడా సెగ్గడ్డలు లేచినాయి.

అమ్మీ, నువ్వు ముందే రాసినావు, చాలినంత మందు పడకుంటే గట్టిది మిగులుతాదని. మాత్రలు పంచింది నేను. సూదులు సగంలో వదిలించి తెచ్చింది నేను. మొన్న వీధిని కూర్చోబెట్టి ఆ మాట చెప్పినా. నూలు పంచే తక్కెడ నాగన్న ఇంటికి పంపించినా. ఇకమీద నా ఇంటికి వాటా వద్దన్నా. మగ్గం ఎక్కి పది రోజులాయె.

కాశన్న వేలిముద్ర.
రాసినవాడు నబీ సాహెబ్.

తా.క. ఇంతకు ముందు ఆయన ఉత్తరం చెబుతాంటే నలుగురు చుట్టూ చేరి, "ఇది కూడా రాయప్పా, అది కూడా రాయప్పా" అని నా ప్రాణం తీసేవాళ్లు. ఇప్పుడు ఎవరూ రారు. కోపం కాదు. ఆయన తలెత్తకుంటే ఎట్లా పలకరించాలో వాళ్లకు తెలియడం లేదు. నవ్వేందుకు ఈ తూరి నా దగ్గర ఏమీ లేదు పాపా. సిరా కూడా నీళ్లుగా ఉండాది.


కర్నూలు,
ఫిబ్రవరి 14.

జేజినాయన పాదాలకు గంగాదేవి నమస్కారాలు. ఈ ఉత్తరాన్ని పద్నాలుగిళ్ల వాళ్లనూ పిలిచి, అందరి ముందూ చదివించండి.

మా గదిలో రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి నేను ఊరికి వచ్చిన మొదటి రోజు, కట్టు కట్టక ముందు తీసిన చీముది. దాంట్లో పెన్సిలిన్ చుక్క చుట్టూ బొటనవేలంత వలయం వచ్చింది. అంటే మీరు మాత్రలు పంచిన తర్వాత, సూదులు సగంలో ఆపిన తర్వాత కూడా పెన్సిలిన్ జేజిని కాపాడగలిగేది. రెండోది కడప డాక్టరు పంపిన చీముది. దాంట్లో వలయం లేదు. సూక్ష్మజీవి చుక్క అంచు వరకూ పెరిగింది.

రెంటికీ మధ్య ఏం జరిగిందని డాక్టరమ్మ అడిగింది. రెంటికీ మధ్య నేను వచ్చానని చెప్పాను.

ఆమె మా గదిలోనూ వార్డుల్లోనూ పనిచేసే పదకొండు మంది ముక్కుల్లో దూదిపుల్ల తిప్పి పరీక్ష చేసింది. ఈ సూక్ష్మజీవి మనిషి ముక్కులో ఏ బాధా పెట్టకుండా ఉండగలదు. పెన్సిలిన్ రోజూ వాడే చోట, దాన్ని విరవలేనివి చచ్చి విరిచేవే మిగులుతాయి. నలుగురి ముక్కుల్లో అవి ఉన్నాయి. నాలుగో పేరు నాది. నా ముక్కులోదీ జేజి పుండులోదీ ఒకటేనని ఏ పరీక్షా ఒట్టు వేసి చెప్పలేదని డాక్టరమ్మ అంది. నన్ను ఓదార్చడానికి అంది.

నాకు తెలుసు. కట్టు కడుతూ జేజితో మాట్లాడాను. ఆ కాలు చూసి ఏడ్చి, ముక్కు తుడుచుకున్నాను. పొద్దున ఒకసారి చేతులు కడుక్కున్నాను. ప్రతిసారీ కడుక్కోలేదు. మీ చేతులు మాత్రం శుభ్రంగా ఉండవని రాశాను.

సల్ఫాకు లొంగనిది వేరు, పెన్సిలిన్‌ను విరిచేది వేరు. మాత్రలు పంచడం తప్పే. కానీ జేజి కాలిని తిన్నది ఆ తప్పు కాదు, నేను తెచ్చింది. తక్కెడ తెప్పించుకోండి. తలెత్తండి. జ్వరం దిగిన గంటే జేజిని కడపకు తీసుకుపోండి. నా ముక్కు శుభ్రమయ్యే వరకూ నన్ను పనిలోకి రావద్దన్నారు. ఊరికీ పోవద్దన్నారు. ఆమెను చూడటానికి కూడా నేను రాకూడదు.

పిల్లల సెగ్గడ్డలను పిండకండి. వేడినీటి గుడ్డతో కాపడం పెట్టి, వాటంతటవే పగిలాక మూసి కట్టండి. ఆ గుడ్డలను ఉడకబెట్టండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోమని తల్లులకు చెప్పండి.

గంగాదేవి

తా.క. నబీ మామా, ఒక్క అక్షరం వదలకండి. ఇది అందరికీ పంచమని నేనే అడుగుతున్నాను.


ఎర్రమిట్ట,
మార్చి 4.

చిరంజీవి గంగాదేవికి జేజినాయన కాశన్న దీవించి రాయించేది.

మీ జేజి పోయిన బుధవారం పొద్దెక్కినాక పోయింది. జ్వరం దిగనే లేదు, కాలు తీసేదానికి వీలు కాలేదు. ఆఖరి పూట నొప్పి తెలీలేదు. ఊరివాళ్లంతా వచ్చినారు. నిన్ను పిలిపించలేదని కోపం చేసుకోవద్దు. బస్సులు సరిగా ల్యావు, నువ్వు వచ్చేలోపల అయిపోయేది.

పరీక్ష సంగతి రాస్తానన్నావు. నీ ఉత్తరమేదీ మాకు అందలేదు. పోస్టులో యాడో పోయినట్లుండాది. మళ్లీ రాయొద్దు. ఏం జరిగిందో మాకు తెలుసు, నేను పంచినా, అందుకే జరిగింది. వీధిలో అందరికీ ఆ మాటే తెలుసు. నువ్వు పనిలోకి పో. సెలవని ఇంట్లో కూర్చోవద్దు. పళ్లేలు కడుగు. ఇంకా నేర్చుకో.

ఇది కాశన్న వేలిముద్ర.
రాసినవాడు నబీ సాహెబ్.

తా.క. పాపా, ఇరవై ఏళ్లుగా ఈ ఊరి ఉత్తరాలు రాస్తాండా. చెప్పినవాళ్ల మాట ఒక్కటీ మార్చలేదు. అందుకే ఆయన చెప్పింది చెప్పినట్లే పైన రాసినా. ఆయనకు చదువు రాదు కాబట్టి నిజం కింద రాస్తాండా.

నీ ఉత్తరం ఫిబ్రవరి పంతొమ్మిదిన వచ్చింది. వీధిని పిలవలేదు. బసమ్మక్క మంచం పక్కన కూర్చుని ఇద్దరికే చదివినా. ఆయన మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివినా. బసమ్మక్కే అన్నది, "రాలేదని రాయి నబీ. ఆ బిడ్డ చేతులు ఇంకా శానామంది పుండ్లు కడగాల. భయపడిన చేతులతో ఆ పని కాదు."

వీధికి చదవాలని నేను వాదించినా. "నీ మీద లేని నింద నువ్వు మోస్తావా కాశన్నప్పా?" అన్నా. ఆయన ఉత్తరం నా చేతిలో నుంచి లాక్కుని, మడిచి మొలలో దోపుకున్నాడు. ఊళ్లోకి వచ్చిన ఏ వస్తువునీ ఆయన ఒక్కడే ఉంచుకోవడం నేను చూడలేదు. ఇదే మొదలు.

సెగ్గడ్డల గురించి నువ్వు రాసిన నాలుగు మాటలు మాత్రం కడప డాక్టరు చెప్పినాడని తల్లులకు చెప్పినా. కంబన్న కూతురు ఆడుకుంటాండాది. సబ్బు ఇంటింటికీ ఉండాది.

నువ్వు జవాబు రాసేటప్పుడు ఈ తాజాకలం అందనట్లే రాయి. ఉత్తరం పోయిందా అని ఆశ్చర్యపడు, ఏదో ఒకటి రాయి. జాగ్రత్తగా రాయి పాపా. ఆయన అక్షరం చదవలేడు గానీ, నేను చదివేటప్పుడు నా ముఖమే చూస్తా ఉంటాడు.